మొహం లేని పటం

ఆదివారం పొద్దున ఆదిమూలం కాఫీ గ్లాసు పట్టుకుని ముందరింట్లోకి వచ్చాడు. కూతురు గీస్తున్న పెద్ద పటం గోడకు ఆనించి ఉంది. రోజూ చేసినట్టే దాని ముందు నిలబడి కాసేపు చూశాడు. ఒక గుక్క తాగి మళ్ళీ చూశాడు.

"ఇంకా ఏం రాలేదే దీంట్లో," అన్నాడు.

"దోసె చల్లారిపోతా ఉండాది. దాంట్లో వచ్చేది తరవాత చూసుకోవచ్చు, రా మామా," అని వంటింట్లోంచి పొన్నమ్మ కేకేసింది. అక్క కూతుర్నే చేసుకున్నాడు గనక, పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆమెకు ఆయన మామే.

ఆయన కదల్లేదు. పటం మనిషెత్తు ఉంది. కింద ముదురు ఎరుపు, పైన నీలం, ఆ పక్కన ఆకుపచ్చ. ఒక రంగు ఎక్కడ ఆగిందో, ఇంకొకటి ఎక్కడ మొదలైందో చెప్పలేనట్టు అంచులు కరిగిపోయి ఉన్నాయి. నట్టనడుమ మాత్రం లేత పసుపు పరుచుకుని ఉంది. మొహం లేదు, చెట్టు లేదు, పిట్ట లేదు. నెల రోజులుగా కూతురు వైష్ణవి ఆ పసుపుతోనే కుస్తీ పడుతోంది. వేస్తుంది, తుడుస్తుంది, మళ్ళీ వేస్తుంది.

తమిళనాడులోని గుడియాత్తంలో ఆ వీధి అంతా తెలుగు నేతవాళ్ళదే. ఆదిమూలం కూడా మగ్గం మీద పుట్టినవాడే గాని, చిన్నప్పుడే బోర్డులు రాసే ఒక మేస్త్రీ వెంట వెళ్ళిపోయాడు. సినిమా హాలు బ్యానర్లు, పార్టీల కట్ అవుట్లు, గంగమ్మ తిరునాళ్ళకు వీధి చివర కట్టే అమ్మవారి పెద్ద గుడ్డ పటం, అన్నీ ఆయన చేతివే. ఆయన గీసిన మొహానికి జనం నిలబడి దండం పెట్టేవాళ్ళు. అలాంటి రోజుల్లో ఫ్లెక్సు వచ్చింది. సాయంత్రం ఫోటో ఇస్తే పొద్దునకల్లా ఇరవై అడుగుల మొహం తయారు. ఆదిమూలం బ్రష్షులన్నీ రేకు పెట్టెలో పెట్టి అటకెక్కించి, బజార్లో ఒక పెయింట్ల కొట్లో పనికి కుదిరాడు. అక్కడ నంబరు నొక్కితే రంగు కలిపే మిషను ఒకటి ఉంది. అది కలిపిన రంగు వైపు ఆయన ఎప్పుడూ చూడడు. మూత వేసి డబ్బా చేతికిస్తాడు, అంతే.

ఒక్కగానొక్క కూతురికి చెన్నైలో చిత్రకళ కాలేజీలో సీటు వచ్చినప్పుడు వీధంతా మిఠాయి పంచాడు. తన చెయ్యి మళ్ళీ బతికిందనుకున్నాడు. ఇప్పుడు వైష్ణవి వేలూరులో ఒక బళ్ళో డ్రాయింగ్ టీచరు. రోజూ బస్సులో పోయి వస్తుంది. వచ్చే నెల వేలూరులో కొత్త చిత్రకారుల పటాలు పెడుతున్నారని, ఆమెనూ ఒకటి పంపమన్నారని తెలియగానే ఆదిమూలం స్నేహితులందరినీ రమ్మని పిలిచేశాడు. పటం ఎట్లా ఉంటుందో అప్పటికి ఆయనకు తెలియదు.

దోసెలు తింటుండగా స్నేహితుడు జానకిరామన్ వచ్చాడు. సైకిళ్ళ కొట్టు పెట్టక ముందు నాటకాలు ఆడించినవాడు. ఆయన నాటకాలకు తెరలు రాసింది ఆదిమూలమే.

"యాడప్పా పాప పటం? చూసి పోదామని వచ్చినా." పటం ముందుకు పోయి నడుముల మీద చేతులు పెట్టుకున్నాడు. "ఓ! ప్రైమర్ కొట్టినావా పాపా? రొంబ బాగుండాది. బొమ్మ యెప్పుడు వేస్తావు?"

వైష్ణవి నవ్వు ఆపుకుంది. "ఇదే బొమ్మ, పెద్దనాయనా."

"ఇదేనా?" ఆయన ఒకసారి దగ్గరికి పోయి, ఒకసారి వెనక్కి వచ్చి చూశాడు. "సరి సరి. ఇప్పుడంతా మోడ్రన్ గదా."

కాఫీ తాగి వెళ్ళబోతూ గడప దగ్గర ఆదిమూలం భుజం మీద చెయ్యి వేసి గొంతు తగ్గించాడు. "వేలూరుకు నలుగుర్నీ రమ్మన్నావు గదా. పాపతో చెప్పి నడుమ ఏదైనా ఒక మొహం పెట్టించప్పా. చూసేవాళ్ళకు కన్ను నిలిచేదానికి ఏదో ఒకటి ఉండాల."

ఆదిమూలం ఆయన్ని సాగనంపాడు. లోపలికి వచ్చి కూతురి ఎదురుగా కూర్చున్నాడు.

"పాపా, అడగతానని కోపం చేసుకోవద్దు. మొహం గీసేదానికి రాక ఇట్ల వేస్తాండావా?"

వైష్ణవి లేచింది. గోడకున్న క్యాలెండరు పాత కాగితం ఒకటి చించి, వెనక తిప్పి, పెన్సిలుతో నాలుగు గీతలు గీసింది. కాగితం మీద జానకిరామన్ నడుముల మీద చేతులు పెట్టుకుని, కళ్ళు చికిలించి చూస్తున్నాడు. పొన్నమ్మ అది చూసి పకపకా నవ్వింది. ఆదిమూలం కాగితం చేతిలోకి తీసుకున్నాడు. ముక్కు దగ్గర గీత ఒక్కసారి కూడా తడబడలేదు.

"ఇంత చెయ్యి పెట్టుకోని!" అన్నాడు, సంతోషమో బాధో తెలియని గొంతుతో. "ఇంత చెయ్యి పెట్టుకోని దాన్ని యెందుకమ్మా దాచిపెడతావు?"

"నీకు ఫ్లెక్సు వచ్చినట్టే నాయనా, ఒకప్పుడు సీమ దేశాల్లో బొమ్మలు గీసేవాళ్ళకు కెమెరా వచ్చింది. మొహం ఉన్నదున్నట్టు దించేదానికి మిషనే వచ్చేసినాక, ఇంక మన చేతికి ఏం మిగిలిందని వాళ్ళు ఆలోచన చేసినారు. కొందరు చెట్టును వదిలి చెట్టు మీద పడే వెలుతురు గీసినారు. ఆ తరవాత వచ్చినోళ్ళు చెట్టునూ వదిలేసినారు. నాదస్వరంలో మాట ఉండాదా? అయినా వింటే వొళ్ళు పులకరిస్తుంది గదా. రంగుకు మాత్రం బొమ్మ యెందుకన్నారు."

"యెవురన్నారు?"

"శానా మంది. రష్యా ఆయన ఒకాయన ఒక పొద్దు సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే, గదిలో ఎప్పుడూ చూడని పటం ఒకటి ఉండాదంట. దాంట్లో ఏం బొమ్మ ఉండాదో తెలీలేదు గాని, అంత అందం ఆయన యాడా చూడలేదు. దగ్గిరికి పోతే అది ఆయన గీసిందే, అడ్డంగా తిప్పి పెట్టుండారు."

"తాను గీసిందే తనకు తెలీకపోతే అది వాని తప్పు," అన్నాడు ఆదిమూలం.

"ఆయన కన్నా ముందే స్వీడన్ దేశంలో ఒకామె ఇంతింత పటాలు గీసి పెట్టింది. నేను పోయి ఇరవై ఏండ్లు అయ్యేదాకా యెవురికీ చూపించవద్దని చెప్పింది. చూసేవాళ్ళకు ఇంకా ఆ కన్ను రాలేదని."

"పాపం!" అంది పొన్నమ్మ. "ఆ యమ్మ ఇంట్లోనూ మీ నాయన మాదిరి ఒకరు ఉండుంటారు."

ముగ్గురూ నవ్వారు. ఆదిమూలమే ముందు నవ్వు ఆపాడు.

"అదంతా సరే. అర్థం కానిదాన్ని చూసి మనిషి యెట్ల సంతోషపడతాడు?"

"నువ్వు పడలేదా?" అంది వైష్ణవి. "చిత్తూరు లారీ ఆఫీసోళ్ళకు తెలుగు బోర్డు రాసిస్తివే. మనం మాట్లాడేది తెలుగే గాని నీకు తెలుగు అచ్చరాలు చదివేదానికి రాదు. కాగితంలో ఉన్నదాన్ని చూసి దించినావు. ముగిసినాక ఆ గుండ్రాలు యెంత బాగుండాయో అని దాని ముందరే కూర్చోనుంటివి. అమ్మ అన్నానికి పిలిచినా రాలేదు. దాంట్లో ఏం రాసుండాదో నీకు తెలుసునా?"

ఆదిమూలానికి ఆ బోర్డు గుర్తుంది. కుండ అంచుల్లాగా తిరిగే ఆ అక్షరాల మీద బ్రష్షు నడుస్తుంటే చేతికి కలిగిన హాయి కూడా గుర్తుంది.

"అది వేరే, ఇది వేరే," అని లేచి చొక్కా వేసుకున్నాడు.

*

బుధవారం పొన్నమ్మ తన చెల్లెల్ని చూడడానికి ఆలంగాయం వెళ్ళింది. వైష్ణవి బడికి పోయింది. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చిన ఆదిమూలం, కూర గిన్నె మూత తీయకుండానే పటం ముందు నిలబడిపోయాడు. పొద్దున టీ కొట్లో కూడా జానకిరామన్ అదే మాట అన్నాడు, నలుగురిలో. ఎవరూ ఎగతాళి చేయలేదు. "పరవాలేదప్పా, చిన్నపిల్ల గదా" అన్నారు. ఆ జాలే ఆయనకు గుచ్చుకుంది. వేలూరులో పెద్ద పెద్దవాళ్ళు వచ్చి తన బిడ్డ పటం ముందు ఆ జాలి చూపే చూస్తారనుకున్నాడు.

అటక మీంచి రేకు పెట్టె దించాడు. తుప్పు పట్టిన మూత తెరుచుకోవడానికి కష్టపడింది గాని, గుడ్డలో చుట్టిన బ్రష్షులు బాగానే ఉన్నాయి. ఒకటి తీసి బొటనవేలి మీద రాసుకుని చూశాడు. నడుమ ఆ పసుపు చోటు ఊరికే ఉంది గదా, ఒక్క చిన్న మొహం పెడితే పటం మొత్తం లేచి కూర్చుంటుంది అనుకున్నాడు. కూతురి రంగు ట్యూబులు పలక మీద పిండాడు.

మొదటి గీత పెట్టాడు. పక్కనే రెండోది పెట్టాడు. ఆ తరవాత ఆయనకు కొట్టు గుర్తు లేదు, ఆకలి గుర్తు లేదు. చెంప మీద వెలుతురు, ముక్కు పక్క నీడ, కనురెప్ప కింద తడి, అన్నీ చేతికి వాటంతటవే వచ్చాయి. ఇన్నేళ్ళు ఎక్కడ దాక్కున్నాయో! అమ్మవారి మొహం అనుకుని మొదలుపెట్టాడు. కళ్ళు వేసేసరికి అది అమ్మవారు కాదు. పదేళ్ళప్పటి వైష్ణవి తలుపు పక్కనుంచి తొంగి చూస్తోంది. ఆదిమూలం వెనక్కి జరిగి, చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. జీవితంలో అంత మంచి మొహం తాను గీయలేదని ఆయనకు తెలుసు.

సాయంత్రం చేతులు కడుక్కుని, తెల్ల పంచె కట్టుకుని గడప మీద కూర్చున్నాడు. వైష్ణవి వీధి మలుపు తిరగడం చూడగానే లేచి నిలబడ్డాడు.

"లోపలికి పోయి చూడు," అన్నాడు నవ్వుతూ.

ఆమె భుజం మీది సంచి దించకుండానే పటం ముందు ఆగింది. ఆదిమూలం ఆమె వెనక నిలబడి ఎదురుచూశాడు.

"నేనే గదా ఇది?"

"నువ్వే. నేను పిలవలేదు, నువ్వే వచ్చి కూర్చున్నావు."

"బాగుండాది నాయనా." ఆమె సంచి దించింది. "శానా బాగుండాది. నీ మాదిరి యెవురూ గీయలేరు. కాని నా పటం చచ్చిపోయింది."

ఆదిమూలానికి ఆ మాట వెంటనే తలకెక్కలేదు. ఎక్కేసరికి నవ్వు అలాగే మొహం మీద ఎండిపోయింది.

"చచ్చిపోయేదానికి దాంట్లో ప్రాణం యాడ ఉండాది? ఊరంతా నవ్వతాండారు. నలుగుర్లో నీ పరువు నిలబెట్టాలని గదా..."

"నవ్వనీ నాయనా! నవ్వితే నేను పడతాను. నువ్వు నన్ను అడిగినావా? ఒక్క మాట అడిగినావా?"

"నా కూతురి పటం మీద చెయ్యి పెట్టేదానికి నేను అడగాల్నా?"

అప్పుడే పొన్నమ్మ ఆలంగాయం నుంచి చేతిలో సంచితో లోపలికి వచ్చింది. పటం చూసింది, ఇద్దరి మొహాలూ చూసింది. సంచి అక్కడే నేల మీద పెట్టేసింది.

"ఏం పని చేసినావు మామా! నీ బ్యానరు మీద ఆ పిల్లోడెవరో కనుబొమ్మ దిద్దినాడని నెల రోజులు వానితో మాట్లాడలేదే నువ్వు. మరిచిపోయినావా?"

జవాబు లేనప్పుడు ఆదిమూలానికి కోపం వస్తుంది.

"అవును, నా చేతి విద్య ఈమెకు నామర్దా అయిపోయింది. బోర్డులు రాసేవాని కూతురని చెప్పుకునేదానికి సిగ్గు. అందుకే నేను గీసింది ఏదీ దాంట్లో ఉండకూడదు. అదీ మాట!"

వైష్ణవి తండ్రి వైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు, కాని గొంతు మెల్లగానే ఉంది.

"నీ బ్యానరు గుడ్డ యాడ కట్టి గీసేవాడివి?"

"మన పెరట్లోనే. యెందుకు?"

"నేను యాడ కూర్చోనుండేదాన్ని?"

"నా పక్కనే యాడనో ఆడుకుంటా ఉండేదానివి."

"నీ పక్కన కాదు. గుడ్డకు అవతలి పక్క. ఎండ తగలకుండా దాని వెనక చాప వేసి అమ్మ నన్ను కూర్చోబెడతా ఉండె. నువ్వు ఇవతల రంగు వేస్తే అది నూలులో నుంచి అవతలికి దిగతా ఉండె. వెనక నుంచి మొహం కనపడదు నాయనా. మొదట ఒక ఎర్ర మచ్చ వస్తుంది. మెల్లిగా పెద్దదవుతుంది. దాని పక్కన నీలం. ఎండ గుడ్డ మీద పడితే నడుమ అంతా పసుపుగా వెలిగిపోతా ఉండె. నువ్వు ఏదో పాట పాడుకుంటా ఉంటివి. నీ నీడ అటూ ఇటూ తిరగతా ఉండె. ఇప్పటికీ నాకు లోకంలో అంత భద్రమైన చోటు యింకొకటి లేదు." ఆమె పటం వైపు చెయ్యి చూపింది. "నెల రోజులుగా నేను గీస్తాండేది అదే. కాలేజీలో ఈ మాదిరి పటాలు మొట్టమొదట చూసినప్పుడు అందరూ ఏమిదేమిదని అడిగినారు. నేను అడగలేదు. నాకు తెలుసు, మా పెరట్లో చూసినానే. ఇది నీ దగ్గిర నుంచి వచ్చిందే నాయనా. ఇంక సిగ్గెందుకు పడతాను?"

మాట ముగించి ఆమె లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. ఆదిమూలం తడి ఆరని పటం ముందు నిలబడే ఉన్నాడు. ఆ పూట అన్నం దగ్గర పొన్నమ్మ ఇద్దరికీ అడగకుండానే రెండోసారి పులుసు పోసింది.

*

మర్నాడు బడికి సెలవు. పొన్నమ్మ పొద్దున్నే కూతుర్ని లేపి, "రంగనాథుని చూసి వద్దాం రా, మనసు కొంచెం చల్లబడుతుంది" అని పళ్ళికొండ తీసుకుపోయింది. పోయే ముందు వైష్ణవి పటం వైపు చూడలేదు. తండ్రికి మాత్రం కాఫీ కలిపి పెట్టి వెళ్ళింది.

ఆదిమూలం ఆ కాఫీ తాగాడు. తాగిన గ్లాసు తానే కడిగాడు. తరవాత మెత్తని పాత పంచె గుడ్డ ఒకటి, టర్పెంటైను సీసా తెచ్చుకుని పటం ముందు కూర్చున్నాడు. వైష్ణవి చివరిసారి వేసిన పసుపు ఎండి గట్టిపడింది. తాను నిన్న వేసింది ఇంకా పచ్చిగానే ఉంది. జాగ్రత్తగా తుడిస్తే కింది రంగు చెడదని ఆయనకు తెలుసు.

కాని ఎదురుగా ఉన్నది బిడ్డ మొహం. గుడ్డ తడిపి, రెండుసార్లు చెయ్యెత్తి దించేశాడు. చివరికి జుట్టు దగ్గర మొదలుపెట్టాడు. జుట్టు పోయింది, నుదురు పోయింది. ఒక్కో కన్ను మీద గుడ్డ పెట్టి తాను కళ్ళు మూసుకుని తుడిచాడు. ముక్కు, పెదవులు, గడ్డం. గీసేటప్పుడు ఎంత మెల్లగా గీశాడో అంతే మెల్లగా, రంగు కందిపోతుందేమో అన్నట్టు తుడిచాడు.

కళ్ళు తెరిచి చూస్తే మొహం లేదు. కాని ఏమీ లేకుండా కూడా పోలేదు. చెంపలకు వేసిన రంగు పసుపు మీద పలచగా పాకి, తెల్లవారుజామున ఆకాశం అంచున ఉండే వెచ్చదనం ఒకటి అక్కడ మిగిలింది. జుట్టు నలుపు కరిగి దాని చుట్టూ మెత్తని నీడ అయింది. ఆదిమూలం ఇంకొకసారి తుడవబోయి ఆగిపోయాడు.

గుడ్డ చేతిలో అలాగే ఉంది. ఆయన ఆ వెచ్చదనం వైపు చూశాడు. దానికి కళ్ళు లేవు, పేరు లేదు. అయినా, పసిబిడ్డగా వైష్ణవిని మొట్టమొదట ఒళ్ళో పెట్టినప్పుడు చొక్కాలోంచి తన పొట్టకు తగిలిన ఆ వేడి ఇదే అనిపించింది. ఆ రోజు ఆయన బిడ్డ మొహం సరిగా చూడనే లేదు. కళ్ళలో నీళ్ళు నిండి ఏమీ కనపడలేదు. కనపడకపోయినా ఇది నా బిడ్డ అని తెలిసింది గదా!

ఆదిమూలం చూపు మెల్లగా పక్కకు జరిగింది. ఎరుపు దగ్గరికి పోయింది, అక్కడి నుంచి నీలానికి, మళ్ళీ నడుమకు. పెరట్లో తాను నిలబడని వైపు నుంచి ఆ గుడ్డను ఇప్పుడు చూస్తున్నట్టుంది. అటువైపు చాప మీద కూర్చున్న పిల్లకు తన పని ఇట్లా కనపడిందా? ఫ్లెక్సు వచ్చి తన మొహాలన్నీ చెత్తలోకి పోయాయని ఇన్నేళ్ళు కుమిలిపోయాడు. మిషను మొహాన్ని తీసుకుపోయింది, నిజమే. కాని గుడ్డ వెనక్కి దిగిన రంగును ఏ మిషనూ తీసుకుపోలేదు. అది కూతురి దగ్గర భద్రంగా ఉంది. తనే, తనే గదా నిన్న దాని మీద చెయ్యి పెట్టాడు!

పొన్నమ్మ, వైష్ణవి తిరిగి వచ్చేసరికి ఆయన నేల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. చేతులకు, పంచెకు, గడ్డానికి రంగు. వైష్ణవి చేతిలోని తులసి పొట్లం పొన్నమ్మకు ఇచ్చేసి పరుగెత్తుకొచ్చింది.

"నాయనా! ఏమైంది?"

"తుడిచేసినానమ్మా. అంతా పోలేదు. నువ్వేసింది చెడిపోలేదు, చూడు. నేనేసింది కొంచెం అంటుకోనుండాది. దాన్నీ తీసేద్దామని చూస్తే..." ఆయన మాట దొరక్క తడుముకున్నాడు. "మొహం పోయినాక నువ్వు కనపడినావు పాపా. యెట్లని అడగవద్దు, నాకు చెప్పేదానికి రాదు."

వైష్ణవి తండ్రి పక్కన నేల మీద కూర్చుని పటం చూసింది. నెల రోజులుగా ఆ పసుపులో ఏదో తక్కువైందని వేసి తుడిచి విసిగిపోయింది. వెలుతురు వచ్చింది గాని, ఆ వెలుతురుకు అవతల నిలబడి పని చేస్తున్న మనిషి రాలేదు. ఇప్పుడు వచ్చాడు.

"నిన్న నేను పెద్ద మాట అనేసినా," అంది.

"నువ్వు సరిగ్గానే అన్నావు. నేనే అడగకుండా చెయ్యి పెట్టినా. తప్పు నాది."

"ఇంక దీన్ని తుడవద్దు నాయనా. నేనూ తాకను. ఇట్లనే ఉండనీ."

"నిజంగానా? నా మీద జాలితో చెప్పవద్దు."

"జాలి చూపేటట్టయితే నిన్ననే చూపుందును."

ఆదిమూలం తడి కళ్ళతోనే నవ్వాడు. పొన్నమ్మ తులసి ఇద్దరి నోట్లోనూ పెట్టి, కొంగుతో ఆయన గడ్డం మీది రంగు తుడిచింది. "ఇద్దరూ లేచి నీళ్ళు పోసుకోండి. ఇల్లంతా టర్పెంటైను వాసన," అంటూనే తానూ ఆ పటం ముందు కాసేపు నిలబడింది. "నాకు మొదటి నుంచీ బాగానే ఉండాది. అడిగినవాళ్ళు లేరు," అని వంటింట్లోకి పోయింది.

*

వేలూరులో పటాలు పెట్టిన హాలు ఆసుపత్రుల వీధికి దగ్గరలోనే ఉంది. జానకిరామన్, మిగతా స్నేహితులు మాట ప్రకారం వచ్చారు. పటం ముందు మర్యాదగా నిలబడి, వైష్ణవిని దీవించి, బిరియానీ తినడానికి పోయారు. ఆదిమూలం పోలేదు. ఎవరో వివరించమని అడిగితే ఏం చెప్పాలా అని పొద్దుటి నుంచీ గుబులుగా ఉంది గాని, ఎవరూ అడగలేదు. కొందరు ఆగారు, కొందరు సాగిపోయారు.

మధ్యాహ్నం ఒక నడివయసు ఆడమనిషి లోపలికి వచ్చింది. చంకలో ఆసుపత్రి ఫైలు, కాళ్ళకు దుమ్ము, నిద్రలేని మొహం. ఏ దూరదేశం నుంచో రోగిని తీసుకొచ్చిన మనిషి. ఎండకు తాళలేక నీడ కోసం వచ్చినట్టుంది. పటాలు చూడాలని కూడా లేదు. వైష్ణవి పటం ఎదురుగా ఉన్న బెంచీ మీద కూలబడింది. తల ఎత్తింది.

ఆదిమూలం గోడ పక్కనుంచి ఆమెనే చూశాడు. ఆమె కళ్ళు మొదట ఊరికే పటం మీద ఆగాయి. తరవాత నిలిచాయి. బిగుసుకున్న భుజాలు మెల్లగా దిగాయి. చంకలోని ఫైలు ఒళ్ళోకి జారింది, ఆమె గమనించలేదు. అలా చాలాసేపు కూర్చుంది. చివరికి ఆమె చెంపల మీద నీళ్ళు జారాయి, కాని అది ఏడుపులా లేదు. బరువు దించుకున్న మనిషి విడిచే ఊపిరిలా ఉంది.

ఆదిమూలం మూలనున్న ఫ్యానును ఆమె వైపు తిప్పాడు. గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆమె తాగి, పటం వైపు చెయ్యి చూపి, అదే చెయ్యి గుండె మీద పెట్టుకుని ఏదో భాషలో ఏదో చెప్పింది. ఆయన తల ఊపి ఒక్క మాట అన్నాడు. ఆమె ఫైలు సర్దుకుని, వెళ్ళే ముందు ఇంకొకసారి వెనక్కి తిరిగి చూసి, ఎండలోకి వెళ్ళిపోయింది.

అవతలి గదిలోంచి వైష్ణవి వచ్చింది. "ఎవరు నాయనా? ఏం చెప్పింది ఆ యమ్మ?"

"తెలీదమ్మా. ఒక్క మాట కూడా అర్థం కాలేదు."

"మరి నువ్వేం చెప్పినావు?"

ఆదిమూలం కూతురి చెయ్యి పట్టుకుని బెంచీ మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తడిసిన తన కళ్ళు తుడుచుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

"'అవునమ్మా' అన్నాను."